ఉత్తరంలో సీటు

ఆ ఇంట్లో ఉత్తరం రాయడమంటే బస్సు నింపడమే. మామగారు జీవితమంతా కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన బస్సులోంచి దిగారు గాని, బస్సు ఆయనలోంచి దిగలేదు. ఆదివారం భోజనాలయ్యాక మడిచి అంటించే కాయితం ఒకటి బల్లమీద పరిచి, చెవిమీది పెన్సిలు తీసి, స్కేలు పెట్టి అడ్డగీతలు గీస్తారు. పైన సగం ఆయనది. డ్రైవరు వెనక సీటన్నమాట, కాళ్ళు చాపుకోవచ్చు. దాని కింద అత్తగారిది. ఆవిడ నోటితో చెబుతుంది, పెద్దకోడలు చేత్తో రాస్తుంది. ఆ తర్వాత బావగారు, అంటే పెద్దకొడుకు. ఆ తర్వాత పెద్దకోడలు. అందరూ ఎక్కి సర్దుకున్నాక, జిగురు రాసే అంచుకి కాస్త పైన వేలెడు చోటు మిగులుతుంది. అది చిన్నకోడలిది. ఫుట్‌బోర్డు.

ఇంతమందీ ఎక్కి వెళ్ళేది ఎవరి దగ్గరికయ్యా అంటే, ఆ ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషి మొగుడి దగ్గరికి.

ఆయన ఎక్కడో దూరాన వంతెన కట్టేచోట, పనివాళ్ళ క్యాంపులో వంటవాడు. ఇక్కణ్ణుంచి ఉత్తరం వెళ్తుంది, అక్కణ్ణుంచి ప్రత్యుత్తరం వస్తుంది. ఆ రాకపోకల్లో భార్యాభర్తలకి మిగిలింది నిరుత్తరం. ఎందుకంటే ఇక్కడ రాసింది అంటించేముందు మామగారు పైకి చదివి వినిపిస్తారు. దాన్ని ఆయన 'చెకింగ్' అంటారు. అక్కణ్ణుంచి వచ్చిందీ ఆయనే చదువుతారు, స్టాపుల పేర్లు అరిచినట్టు. అందుకని చిన్నకోడలు ప్రతి వారమూ తన వేలెడు జాగాలో ఒకే జాగ్రత్త రాస్తుంది: "అందరూ రాసిందే నా మాట కూడా. ఆరోగ్యం జాగ్రత్త." ఆయన కూడా అడుగంచున ఆమెకి అదే బదులిస్తాడు: "అందరికీ రాసిందే నీకూను. ఆరోగ్యం జాగ్రత్త." ఇద్దరి ఆరోగ్యాలూ నిక్షేపంగా ఉన్నాయి. మిగతావే ఎలా ఉన్నాయో తెలీదు.

గురువారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. మామగారు టీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"'నాన్నకి నమస్కారాలు. ఈ నెలాఖరుకి నా ఒప్పందం అయిపోతోంది. మేనేజరు ఇంకో విడత ఉండమంటున్నాడు. ఉండనా, వచ్చేయనా? అందరూ ఆలోచించుకుని ఒక మాట రాయండి. మీ ఉత్తరం చూశాకే సంతకం పెడతాను. అమ్మా, నీ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం మానకు...'"

చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుని నించుంది. చేతిలో బియ్యం చేట ఉంది. 'వచ్చేయనా' అన్న మాట దగ్గర వేళ్ళు ఆగాయి. మామగారి గొంతు మాత్రం ఆగకుండా ఆ స్టాపు దాటి వెళ్ళిపోయింది.

"ఉండమని రాసేద్దాం," అన్నారు ఉత్తరం మడుస్తూ. "పైగది గోడలు లేచాయి. ఈ విడతతో కప్పు పడుతుంది. కప్పు లేకుండా వచ్చి వాడెక్కడ పడుకుంటాడు?"

"నిజమే. పోయినసారి వచ్చినప్పుడు, గదిలో ఉక్కని నేనూ హాల్లోకొస్తే నా పక్కనే పడుకున్నాడుగా," అన్నాడు బావగారు. "నా గురకకి పాపం రెండోరోజునించీ చెవుల్లో దూది పెట్టుకున్నాడు."

"చెవుల్లో పెట్టుకున్నాడా? నీ ముక్కులో పెట్టాల్సింది," అంది అత్తగారు.

అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది. ఆయన హాల్లో పడుకున్న ఆ రాత్రులన్నీ ఆమె వంటింట్లో అత్తగారి పక్కన పడుకుంది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క పడగ్గదీ బావగారిది.

పైగది వాళ్ళిద్దరి కోసమే. ఎవరూ కాదనరు. అంతకు ముందు విడత మెట్ల పేరు మీద ఉన్నాడు. పోయిన విడత గోడల పేరు మీద. ఇప్పుడు కప్పు. కప్పు పడ్డాక పూత, పూతయ్యాక మెట్లకి కటకటాలు. గోడ పెరుగుతోంది గాని ఆమె గోడు వినే దిక్కు లేదు. పెళ్ళాంతో ఉండటానికి గది కావాలి, గది కోసం పెళ్ళానికి దూరంగా ఉండాలి. ఇంతకన్నా మడతపేచీ ఆ మడత కాయితంలో కూడా లేదు.

*

ఆమె పనిచేసే చొక్కాల దుకాణం రెండు వీధుల అవతల. అక్కడ ఆమె కుట్టేవి కాలర్లు మాత్రమే. రెండు గుడ్డముక్కల మధ్య బక్రం అనే బిరుసుగుడ్డ పెట్టి, లోపలివైపు పైకి కనపడేలా కుట్టి, కొసల దగ్గర మిగులు గుడ్డ కత్తిరించి, తిరగేసి, మొద్దుపుల్లతో కొసని లోపల్నించి బయటికి పొడవాలి. గట్టిగా పొడిస్తే చిరుగుతుంది. భయపడుతూ పొడిస్తే గుండ్రంగా ఉండిపోతుంది. ఆమె కాలరు కొస ఎప్పుడూ బాణంలా వస్తుందని దుకాణంలో ఆమెకి 'కాలరమ్మ' అని పేరు పెట్టారు.

"కాలరమ్మా, ఈ ఊళ్ళో ఇంతమంది మగాళ్ళు కాలరెగరేస్తున్నారంటే అంతా నీ చలవే," అన్నాడు మాస్టరు శుక్రవారం పొద్దున్న, కత్తెర ఆడిస్తూనే.

"నాకు ఎగరేసుకోడానికి లేదు కదా మాస్టారూ. అందుకే బాగా కుదురుతున్నాయి."

"ఏంటివాళ, పెదాలు కదులుతున్నాయి? లెక్కేస్తున్నావా, తిడుతున్నావా?"

"రాసుకుంటున్నా."

నిజంగానే రాసుకుంటోంది. మిషను తొక్కుతూ, వేలెడు చోటులో పట్టే మాట ఒకటి మనసులో కుట్టి చూస్తోంది. 'మీరు వచ్చేస్తే బాగుండును.' పొడుగైంది. 'వచ్చేయండి.' పొట్టిదే గాని, పైన నలుగురూ 'ఉండు' అన్నాక అడుగంచున 'వచ్చేయండి' అంటే అది మాటలా ఉండదు, ఎదురుమాటలా ఉంటుంది. పైగా చెకింగు. మామగారు ఆ గొంతుతో హాలంతా వినిపించేలా 'వచ్చేయండి' అని చదువుతుంటే, బావగారూ తోడికోడలూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటుంటే, తను ఎక్కడ నించోవాలి?

విడిగా ఒక ఉత్తరం రాసి దుకాణం దారిలో డబ్బాలో పడేస్తే? అదీ ఆలోచించింది. కాని ఆ ఇంట్లో విడి ఉత్తరానికి ఒక చరిత్ర ఉంది. ఒకసారి బావగారికి జ్వరం తగ్గకపోతే, తోడికోడలు కంగారులో ఎవరికీ చెప్పకుండా తనొక్కతే మరిదికి ఉత్తరం రాసి పడేసింది. ఎప్పుడూ మామగారి గుండ్రటి అక్షరాలతో వచ్చే చిరునామా, వారం మధ్యలో, వదినగారి కోడిగీతలతో రావడం చూసి, ఎవరో పోయారనుకున్నాడాయన. విప్పితే ఎవరో తెలిసిపోతుందని విప్పలేదు కూడా. అలాగే జేబులో పెట్టుకుని సెలవడిగి బయల్దేరాడు. దారిపొడుగునా ఏడ్చి, వాచిన కళ్ళతో ఇంటిముందు దిగితే, గుమ్మంలో అద్దం పెట్టుకుని బావగారు తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు. తమ్ముడు అన్నని వాటేసుకుని మొహమంతా సబ్బు నురగ చేసుకున్నాడు. ఆ కథ ఇప్పటికీ ఇంట్లో వారానికోసారైనా నడుస్తుంది.

విడి ఉత్తరం రాస్తే ఆయన వస్తాడు. తప్పకుండా వస్తాడు. కాని దారంతా ఎవరు పోయారో అని ఒక్కొక్కళ్ళనీ చంపుకుంటూ వస్తాడు. అలా రప్పించడానికి ఆమెకి చేతులు రాలేదు. పుల్ల గట్టిగా పడి కాలరు కొస చిరిగింది. మాస్టరు ఇంకో కాలరు ముక్క ఆమెవైపు జరిపాడు.

శనివారం బట్టలుతికేటప్పుడు ఆమె తోడికోడలిని అడిగింది.

"అక్కా, రేపు ఉత్తరంలో నీ చోటులో రెండు వరుసలు నాకిస్తావా?"

"రెండు వరుసలా!" తోడికోడలు దుప్పటి కొస ఒకటి ఆమె చేతికిచ్చి రెండో కొస తను పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు పిండారు. "ఏం రాస్తావే అంత?"

"ఏదోలే."

"ఏదో అయితే నాకు చెప్పు, నా మాటల్లో కలిపి రాసేస్తా. అత్తయ్యది రాస్తున్నానుగా, నీదీ రాస్తా. నా చెయ్యి ఎలాగూ ఊరందరిదీ."

"వద్దులే అక్కా."

తోడికోడలు ఆమె మొహంలోకి చూసి, దుప్పటి ఇంకో మెలిక తిప్పింది. "చూడు, కప్పు పడేదాకా ఓపిక పట్టు. గది లేనిదానివి గనక నీకు గది కావాలనిపిస్తుంది. నాకు చూడు, గది ఉంది, గదిలో మీ బావగారి గురకుంది. తలుపేసుకుంటే అది కూడా బయటికి పోదు."

చిన్నకోడలు బకెట్టు తీసుకుని మెట్లెక్కింది. పైగదిలో ఆ గోడకీ ఈ గోడకీ తీగ కట్టి ఉంది. కప్పు లేదు గనక ఎండ బాగా పడుతుంది. ఇంటిల్లిపాదివీ బట్టలు అక్కడే ఆరతాయి. ఒక మూల సిమెంటు సంచులు, వాటిమీద మామగారి పాత ట్రంకుపెట్టె. కిటికీకి వదిలిన ఖాళీలో బావగారి బూట్లు. గది పూర్తికాకముందే అందరూ ఎక్కి సీట్లు పట్టేసుకున్నారు. ఆమె దుప్పటి తీగమీద వేసి రెండువైపులా లాగింది. దుప్పటికి అవతల కాస్త చోటు మిగిలింది. అక్కడికి వెళ్ళి గోడకి వీపు ఆనించి నించుంది, గది ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు. కిందనించి అత్తగారు పిలిచింది. ఆరేయడానికి అంతసేపా అని.

*

ఆదివారం భోజనాలయ్యాయి. మామగారు కాయితం పరిచి గీతలు గీశారు. ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ, హాల్లో జరుగుతున్నదంతా వింటోంది. మామగారి కలం చాలాసేపు నడిచింది. తర్వాత, "పెద్దమ్మాయ్, మీ అత్తగారి సీటు నింపు," అన్నారు.

"ఒరే నాన్నా, మోకాళ్ళు మామూలే," చెప్పింది అత్తగారు. "ఉండమని మీ నాన్నగారు అంటున్నారు. ఉండు."

"అత్తయ్యా, 'నాన్నగారు అంటున్నారు' అని రాయనా, 'నేనంటున్నాను' అని రాయనా?"

"ఏం తేడా ఉందే? కాయితం దండగ. 'ఉండు' అని రాయి."

బావగారు రాశాడు. తోడికోడలు రాసింది. చిన్నకోడలు చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, హాల్లోకి వచ్చింది. మాట సిద్ధంగా ఉంది. చిన్న మాట. చిన్న చోటులో పడుతుంది. చదివేటప్పుడు తల దించుకుంటే సరిపోతుంది.

మామగారు అప్పటికే కాయితం మడిచేస్తున్నారు.

"నేను రాయాలి మావయ్యగారూ."

"నీదైపోయిందమ్మా. గిన్నెల్లో ఉన్నావు, పాపం ఎందుకు పిలవడమని నేనే రాసేశాను." ఆయన మడత విప్పి, వేలితో చూపించి, సంతోషంగా చదివారు. "'చిన్నకోడలు కూడా ఉండమనే అంటోంది. ఆరోగ్యం జాగ్రత్త.' నువ్వు రాసేదేగా ఎప్పుడూ."

నీలిసిరా ఇంకా తడిగా మెరుస్తోంది. ఆ వేలెడు చోటూ నిండిపోయింది. ఆమె దాన్ని చూసింది. ఎవరూ ఆమెని తోసెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. మర్యాదగా, ఆమెకి శ్రమ లేకుండా, ఆమె నోట్లో ఉన్న మాట తీసేసి ఇంకోటి పెట్టేశారు.

"నేనలా అనలేదు," అంది.

బావగారు పళ్ళు కుట్టుకోవడం ఆపాడు.

"అంటే?" అన్నారు మామగారు.

"ఉండమని నేననలేదు మావయ్యగారూ."

"మరేమంటావు?" ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కిన మనిషిని ఎక్కడికి వెళ్ళాలని అడిగినట్టే అడిగారు. కాని అడిగాక జవాబు కోసం ఆగారు, హాలంతా ఆగింది. రాయాలనుకున్న చిన్న మాట ఇప్పుడు నోటితో, నలుగురి ముందూ, పెద్దగా అనాల్సి వచ్చింది.

"వచ్చేయమంటాను."

తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోడానికో, ఇంకేం ఆపుకోడానికో తెలీలేదు. అత్తగారు, "ఇదేం మాటే," అని గోడవైపు చూసింది.

"ఇంత కష్టపడి కడుతున్నది ఎవరికోసమమ్మా?" అన్నాడు బావగారు. "మీ ఇద్దరి కోసమేగా?"

"మెట్లు కట్టినప్పుడూ మా కోసమే అన్నారు బావగారూ. రోజూ ఎక్కుతూనే ఉన్నాను. బట్టలారేయడానికి." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఆయన అందర్నీ అడిగారు. అందరూ రాశారు. నాది నన్ను రాయనివ్వండి. మీరు రాసింది కొట్టేయండి."

మామగారు కాయితం వంక చూశారు. ఆయన మొండి మనిషే గాని అన్యాయం చేశారని ఎవరైనా అంటే తట్టుకోలేరు. స్కేలు పెట్టి తన చివరి వరుసని తిన్నగా కొట్టేశారు. సొరుగులోంచి కొత్త కాయితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు. గీతలు గీయలేదు.

"రాయి. మొత్తం నీదే."

"వంటింట్లోకి తీసుకెళ్ళి రాసుకోనా?"

"వంటింట్లో బల్లేది? ఇక్కడే కూర్చుని రాయి. మేం నీకేం అడ్డం?"

ఎవరూ లేవలేదు. బావగారు కుర్చీ మాత్రం కాస్త వెనక్కి జరుపుకున్నాడు, బాగా కనపడేలా. ఆమె కూర్చుంది. ఇంత పెద్ద తెల్లదనం ఎప్పుడూ తన ముందుకి రాలేదు. అలవాటుకొద్దీ చెయ్యి కాయితం అడుగంచుకే వెళ్ళింది. ఆగి, పైకి తెచ్చుకుంది. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, పరీక్షలో పక్కవాళ్ళు చూస్తారని దాచుకునే పిల్లలా, చీమల్లాంటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. తోడికోడలు మెడ సాచింది. అత్తగారు దగ్గింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కాలరు కొస పొడిచేటప్పటిలా ఆమె పై పంటితో కింది పెదవి నొక్కిపట్టుకుంది. సగం పేజీ నిండేసరికి కలం మూసి, కాయితాన్ని మామగారివైపు తోసింది. చెకింగ్ తప్పదని ఆమెకి తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"'మీకు. ఇది నేనే రాస్తున్నాను. మీరు వచ్చేయండి. ఇన్నాళ్ళూ అందరి మాటే నా మాటని రాశాను. అది చోటు లేక రాసిన మాట. గది అయ్యాక రమ్మంటున్నారు. పోయినసారి మీరు వచ్చినప్పుడు...'"

అక్కడ గొంతు ఆగింది. కళ్ళు మాత్రం ముందుకి కదిలాయి. ఆయన పెదాలు మూసుకుని చదివింది ఇది:

'...పోయినసారి మీరు వచ్చినప్పుడు నేను అన్నం వడ్డిస్తుంటే, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అన్నారు. నన్ను "అండీ" అన్నారు. క్యాంపులో అలవాటైపోయి అని ఉంటారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ పూట నాకు అన్నం దిగలేదు. మీరు కూడా నావైపు చూసేముందు ఎవరు చూస్తున్నారో చూసుకునేవారు. ఇంకో విడత అయితే మీరు నన్ను పేరడుగుతారేమో. గది ఎప్పుడైనా కట్టుకోవచ్చు. అందులోకి ఇద్దరం కొత్తవాళ్ళలా వెళ్ళి ఏం మాట్లాడుకోవాలి? నాకు భయంగా ఉంది. వచ్చేయండి.'

"ఆపారేం?" అన్నాడు బావగారు. "ఏం రాసింది?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. కాయితాన్ని మడిచారు. ఒక మడత, రెండో మడత.

"చెకింగ్ అయిపోయింది," అన్నారు.

"మాకు వినపడలేదే!"

"నీ టిక్కెట్టు నీ జేబులో ఉందిగా. పక్కవాడిది నీకెందుకు?"

ఆ ఇంట్లో పైకి చదవకుండా అంటించిన మొదటి ఉత్తరం అది. జిగురు ఎక్కువై వేళ్ళు అంటుకున్నాయి. ఆ తర్వాత అందరి ఉత్తరమూ అంటించారు. రెంటిమీదా చిరునామా రాశారు. ఆమె ఉత్తరం పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించి, చిరునామా పక్కన పెద్ద అక్షరాలతో రాశారు: 'అందరం బతికే ఉన్నాం. భయపడకుండా విప్పు.'

ఒకదాంట్లో నలుగురు ఉండమంటున్నారు, ఒకదాంట్లో ఒకరు రమ్మంటున్నారు. రెండూ ఒకే సంచిలో వెళ్తాయి. ఆయన ముందు ఏది విప్పుతాడో, విప్పాక ఎవరి మాట వింటాడో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ తెలీదు. చిన్నకోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. బూడిదరంగు నీళ్ళల్లో చేతులు పెడితే వేలికున్న సిరా కాస్త కరిగి, ఆగిపోయింది.

రేపు పొద్దున్న వేయాల్సిన ఉత్తరాలు మామగారు అప్పుడే పట్టుకుని చెప్పులేసుకున్నారు. అత్తగారు గోడ పట్టుకుని ఆయన వెనకే గుమ్మందాకా వెళ్ళింది. వంటింటి కిటికీ ఆ గుమ్మం పక్కనే.

"ఇప్పుడెందుకు ఎండలో?" అంది అత్తగారు.

మామగారు ఉత్తరాలు చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమే, నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చినప్పుడు నీతో ఎలా మాట్లాడేవాణ్ణి?" అని అడిగారు.

"ఇప్పుడు గుర్తొచ్చిందా, రిటైరయ్యాక!" అత్తగారు నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆగింది. "ఎక్కడ మాట్లాడారు? వచ్చి పడుకునేవారు. నిద్రలో నన్ను 'జరగమ్మా, ముందుకి జరుగు' అనేవారు. నేనూ జరిగేదాన్ని, గోడ తగిలేదాకా."